ఎవరు, ఎక్కడ

మా బావగారు పోయి పదిహేను రోజులైంది. పెద్దకర్మకు వచ్చినవాళ్ళు "ఆయన ఏం పని చేసేవారండి?" అని అడిగితే ఇంట్లో ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. టెన్త్‌తో చదువు ఆగిపోయిన నాకే కాస్త తెలుసు. అందుకని రాస్తున్నాను.

బావగారు మావారికి అన్నగారు. రాజమండ్రిలో ఇంటి నుంచే మెయిన్‌ఫ్రేములు చూసేవారు. చూపు తగ్గాక తెర మీద అక్షరాలు నేనే చదివిపెట్టేదాన్ని. ఆ సంగతి ఆఫీసుకూ చెప్పారు. పూజయ్యాక ప్రసాదం ఇస్తే కళ్ళకద్దుకుని, "ఇక చదువుదామా అమ్మా" అనేవారు.

మెయిన్‌ఫ్రేమంటే చాలా పెద్ద కంప్యూటరు. దాని లోపల ఎన్నో కంప్యూటర్లు వేటికవే ఉన్నట్టు నడుస్తాయి. తమను మోస్తున్న పెద్దది వాటికి కనబడదు. "కనబడదు గానీ, అడిగితే చెబుతుందమ్మా" అనేవారు. అడగడానికి ఒక చిన్న కమాండు నేర్పారు. కొడితే ఒక్క వరుస వచ్చేది. ముందు లోపలిదాని పేరు, చివర అది ఉంటున్న పెద్దదాని పేరు.

ఒకరోజు ఆఫీసువాళ్ళు ఆసుపత్రుల రికార్డులున్న ఒక లోపలి కంప్యూటర్ను, నడుస్తుండగానే, పాత పెద్దదానిలోంచి కొత్తదానిలోకి మార్చారు.

"మారిపోయింది సార్. అన్నీ బాగానే నడుస్తున్నాయి. పాతది ఆపేస్తున్నాం" అన్నారు ఫోన్లో ఇంజినీరు.

"ఎక్కడున్నా బాగానే నడుస్తుందయ్యా. అడిగి చూశారా?"

కమాండు కొట్టాను. చివర పాత పేరే ఉంది.

"పెద్ద చదువులవాళ్ళు చెబుతున్నారు కదండీ. నేనే తప్పు చదివానేమో" అన్నాను మెల్లగా.

"నీకు కనబడింది చెప్పమ్మా. వాళ్ళకి కావలసింది కాదు."

ఒక్కో అక్షరం చదివాను.

"ఆపకండి! అది ఇంకా పాతదానిలోనే ఉంది" అన్నారు బావగారు ఫోన్లో.

వాళ్ళు ఆపడం మానేశారు. తర్వాత, "మేడమ్ గారికి థాంక్స్ చెప్పండి సార్" అని వినబడింది.

"మేడమ్ ఏంటయ్యా, మా మరదలు. నా కళ్ళజోడు!" అని నవ్వారు బావగారు.

చివరి రోజు ఆసుపత్రిలో, "ఎక్కడున్నానమ్మా?" అని అడిగారు. ఇంట్లోనే అని చెప్పమని మావారు సైగ చేశారు. అలా చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఆసుపత్రిలోనండి. పక్కన నేనున్నాను. కిటికీలోంచి గోదావరి కనబడుతోంది. వంతెన మీద రైలు వెళ్తోందండి."

"బాగా చదివావు" అన్నారు. మళ్ళీ మాట్లాడలేదు.

రోజూ దీపం పెట్టి, బావగారు ఇప్పుడెక్కడున్నారని నరసింహస్వామిని అడుగుతున్నాను. జవాబు ఇంకా కనబడలేదు. కనబడనిది రాయలేను.

ఇంట్లోవాళ్ళంతా చదివాక ఈ కాగితాలు దాచండి, బయటివాళ్ళకి చూపకండి. దేవుడి గూట్లో పెట్టి, మీద ఆయన కళ్ళజోడు ఉంచండి. గాలికి ఎగరవు.