ఆస్మా చెప్పని ఒక్క అక్షరం

తొర్రూరు బస్టాండు దగ్గరి కంప్యూటర్ సెంటర్‌లో సీ లాంగ్వేజ్ నేర్పిన మొదటి ఆడమనిషి ఆస్మా. దర్జీ హఫీజ్ కూతురు. ఏళ్ల తరబడి పిల్లలు ఆమె చుట్టే మూగేవాళ్లు. సకల జనుల సమ్మెకు వరంగల్‌లో తాను చదివే కాలేజీ మూతపడడంతో, దేవరుప్పుల అమ్మాయి శృతి ఈ సెంటర్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చింది. కొద్దిరోజుల్లోనే పిల్లలంతా శృతి వైపు జరిగారు. వాళ్ల నవ్వులు వినబడితే ఆస్మాకు కడుపు మండేది.

ఒకరోజు సమ్మె వల్ల సగం దించిన షట్టర్ వెనక, బావుల్లో నీటిమట్టం నిరుటికన్నా ఎంత మారిందో చూపే ప్రోగ్రాం పిల్లలతో రాయించింది శృతి. మైనస్ వస్తే ప్లస్‌గా మార్చడానికి ‘ఏబీఎస్’ అనే ఫంక్షన్ వాడింది. రెండున్నర రావాల్సిన చోట తెర మీద రెండే వచ్చింది.

ఏబీఎస్ పూర్ణసంఖ్యలకే పనికొస్తుందనీ, దశాంశాలుంటే దాని ముందు ‘ఎఫ్’ చేర్చాలనీ ఆస్మాకు తెలుసు. అయినా చెప్పలేదు. శృతి తడబడుతుంటే హాయిగా చూస్తూ కూర్చుంది.

“ఆస్మక్కా, జర గిటు చూడరాదు. నాకు సమజైతలేదు” అని శృతి అందరి ముందే పిలిచింది.

ఆస్మా లేచి వెళ్లి ఎఫ్ చేర్చింది. రెండున్నర వచ్చింది.

“గిది నాకు తెల్వనే తెల్వదు. అక్క లేకుంటే మీకు తప్పే నేర్పుతుంటి” అని శృతి నవ్వింది. పిల్లలూ నవ్వి, శృతికి మరింత దగ్గరగా జరిగారు.

ఆస్మా తన కుర్చీకి తిరిగొచ్చింది. తెలియదన్న మాట పిల్లల ముందు తానెన్నడూ అనలేదు. అంత తేలిగ్గా అనగలిగిన ఆ పిల్లంటే ఆమెకు అసూయ ఇంకా పెరిగింది.