ఢిల్లీ పాఠంలో మా చేటలు

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడు నన్ను నిజామాబాద్ జిల్లాలో ఎడపల్లి దాటాక వచ్చే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా బదిలీ చేశారు. ఏఎన్‌ఎంల పనినీ, ఆశా కార్యకర్తల పనినీ చూసుకోవడం, పైకి రిపోర్టులు పంపడం నా బాధ్యత. రిటైర్‌మెంట్ దగ్గర పడ్డవాడికి ఓపిక ఎక్కువ ఉంటుందనుకున్నారేమో, ఎవరూ ముట్టుకోని ఇంకో పని కూడా నాకే తగిలించారు. ఆన్‌లైన్ శిక్షణకు స్థానిక సమన్వయకర్త అని దాని పేరు.

ఢిల్లీలో ఒక డాక్టరమ్మ హిందీలో పాఠం చెబుతారు. దేశంలోని చిన్న చిన్న కేంద్రాలన్నీ ఒకే సమయానికి తెర మీదికి చేరి వింటాయి. పెద్ద కేంద్రం హబ్, మాలాంటివి స్పోక్‌లు. బండి చక్రానికి నడుమ కుండ, దాని చుట్టూ ఆకులు ఉన్నట్టన్నమాట. నా బడి చదువు పదో తరగతితో సరి. మిగతాది నిజామాబాద్ లైబ్రరీలో సంపాదించుకున్నదే. అందుకని దూరవిద్య మీద దొరికినవన్నీ చదివి, మా మెడికల్ ఆఫీసర్ గారికి అరగంట వివరించాను. ఆయన అంతా విని, "బాగుంది. ముందు సిగ్నల్ సంగతి చూడండి" అన్నారు.

పాఠం వినాల్సిన మా సబ్‌సెంటర్ చుట్టూ చెరకు తోటలు. చెరకు ఎదిగితే సిగ్నల్ పడిపోతుందని ఊళ్లోవాళ్లంటే మొదట నవ్వాను. లైబ్రరీలో వెతికితే నీరున్న ఆకులు తరంగాలను కొంత మింగుతాయని ఉంది. అప్పటినుంచి నేనూ ఆ మాటే, కాస్త పొడవుగా, చెబుతూ వచ్చాను. చివరికి ఊరి చివర గంగమణి ఇంటి వసారాలో సిగ్నల్ దొరికింది. గంగమణి ఆశా కార్యకర్త. తోటి ఆశాల మీద పర్యవేక్షకురాలిగా, అంటే ఫెసిలిటేటర్‌గా ఎదగాలని ఆమె ఆశ. దానికి ఈ కోర్సు తప్పనిసరి. క్లాసు సాగినంతసేపు కెమెరా తెరిచే ఉండాలి, మనిషి కనబడుతూ ఉండాలి. చివరి క్లాసులో హాజరు పోతే కోర్సు మొత్తం మళ్లీ మొదటినుంచి.

మొదటి రోజే గంగమణి తన ఇబ్బంది చెప్పింది.

"సార్, ఆకు నానవెట్టిన. ఇయ్యాల సుట్టకుంటే ఎండి పెళుసైతది. పొద్దుమూకేవరకు కార్ఖానల బీడీలు ఇయ్యకుంటే మా అత్త బీడీ కార్డు కాట్ జేస్తరు, ఇగ పని ఇయ్యరు. చెవులు మీకిస్త, చేతులు మాత్రం నాకిడువుండ్రి."

మిగతా ఆశాలదీ అదే అవస్థ. తునికాకు, తంబాకు అనే పొగాకు తురుము పోసిన చేటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. శాఖవారిచ్చిన ట్యాబ్‌ను ఎదురుగా పీట మీద, ముఖాలూ భుజాలే కనబడేట్టు ఆనించాను. వాళ్లు తలలు వంచి బీడీలు చుడుతుంటే డాక్టరమ్మకు భుజాల కదలిక మాత్రమే కనబడేది. రెండో క్లాసులో ఆమె మిగతా రాష్ట్రాల వాళ్లతో, తెలంగాణ చెల్లెళ్లను చూసి నేర్చుకోండి, తల ఎత్తకుండా నోట్స్ రాసుకుంటున్నారు అన్నారు. ఆ మెప్పును కాదనే ధైర్యం నాకు లేకపోయింది. పైగా రిపోర్టులో రాశాను.

చివరి క్లాసుకు ముందు ఆమె ఒక్క లోపం చెప్పారు. మా ముఖాలు చీకటిగా ఉంటున్నాయట. నేను వెంటనే లైబ్రరీకి పోయి ఫొటోగ్రఫీ పుస్తకం తిరగేశాను. వెలుతురు ముఖం మీద పడాలి, గుంపును తీసేటప్పుడు కెమెరా ఎత్తులో ఉండాలి అని అందులో ఉంది. అందరినీ వాకిటి వైపు తిప్పి కూర్చోబెట్టాను. స్టూలు ఎక్కి ట్యాబ్‌ను వాకిటి పక్కనున్న బీరువా మీద, కిందికి వంచి అమర్చాను. ఆ రోజు పాఠం ఏమిటో నాకు తెలుసు. చేటల సంగతీ తెలుసు. ఆ రెండూ నా బుర్రలో పక్కపక్కనే కూర్చుని ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

తెర మీద పాఠం పేరు వచ్చింది. పొగాకు మానిపించడంలో ఆరోగ్య కార్యకర్త పాత్ర. దాని పక్కనే చక్కని వెలుతురులో మా వసారా, వరసగా చేటలు, కట్టలు కట్టిన బీడీలు.

డాక్టరమ్మ ఆగిపోయారు. అవేమిటని అడిగారు.

"బీడీలు మేడం. ఆప్ బోలో, హమ్ సున్ రహే" అంది గంగమణి, చెప్పండి వింటున్నాం అన్నట్టు. చెయ్యి మాత్రం ఆపలేదు.

ఇతర కేంద్రాల గడుల్లో జనం నవ్వు పట్టలేక నోళ్లు మూసుకున్నారు. పెద్దావిడ పోసవ్వ నా వైపు తిరిగింది.

"డబ్బ కిందనే మంచిగుండె గద సారూ! బీరువ మీదికి ఎవ్వలు ఎక్కియ్యుమన్నరు?"

"పుస్తకంల ఉందంట అవ్వా" అంది గంగమణి.

నేను స్టూలెక్కి ట్యాబ్ దించబోతే డాక్టరమ్మ వద్దన్నారు. శిక్షణలో ఇలాంటి పని నియమాలకు విరుద్ధమన్నారు. గంగమణి చెయ్యి అప్పుడు ఆగింది.

"మానుమంటే మానుతం మేడం," అంది. "గా మాట కార్ఖానవాళ్లకు గూడ జర మీరే చెప్పుండ్రి."

దీన్ని నేను మర్యాద అద్ది హిందీలో చెప్పాను. మొదటి సగం మాత్రమే చెప్పానని పోసవ్వ పసిగట్టి, రెండో సగం తనే గట్టిగా అందించింది. డాక్టరమ్మ నవ్వారు. మీరు కాలుస్తారా అని అడిగారు. చుట్టడమే తప్ప కాల్చేది లేదన్నారు వీళ్లు. మరి దుమ్ము? దగ్గొస్తుంది, చేతులు కడుక్కోకుండా పిల్లల్ని ఎత్తుకోం అన్నారు. మాస్కు కట్టుకోరా? ఉడకపోస్తది అన్నారు. తన పాఠమంతా తాగేవాళ్ల గురించేననీ, చుట్టేవాళ్ల గురించి ఒక్క ముక్క లేదనీ ఆమె ఒప్పుకుని, మిగిలిన సమయమంతా దాని మీదే మాట్లాడారు.

చివర్లో హాజరు మాట నేనే భయపడుతూ అడిగాను. కెమెరా తెరిచి ఉండాలి, మనిషి కనబడాలి, ఇంతే కదా నియమం, మీవాళ్లు అందరికన్నా ఎక్కువే కనబడ్డారు అని హాజరు వేశారు. గంగమణి ఫెసిలిటేటర్ అయింది. తర్వాతి బ్యాచ్‌కు బీడీలు చుట్టేవాళ్ల మీద విడిగా ఒక పాఠం చేర్చారు. అది సాయంత్రం, కార్ఖానాకు బీడీలు ఇచ్చి వచ్చాక, పెట్టారు.

ఇలాంటి శిక్షణ నిలబడాలంటే తీగలూ ట్యాబులూ తర్వాత. ఆ గంటలో నేర్చుకునేవాళ్ల చేతుల్లో ఏ పని ఉందో ముందు పైవాళ్లకు తెలియాలి. తెలియజేయడం సమన్వయకర్త పని. నా విషయంలో ఆ పని బీరువా చేసింది.