ఢిల్లీకి ఎంతసేపు

మా పెద్దమ్మకు దూరాలు సద్దిమూటల్లో తెలుసు. కొడకండ్ల నుంచి జనగామ ఒక సద్ది, మొగుళ్లపల్లి మూడు సద్దులు. అంతకు మించిన ఊరు ఆమె లెక్కలో ఊరే కాదు. అలాంటి మనిషికి ఢిల్లీ ఎంత దూరమో తెలుసుకోవలసిన గతి పట్టింది. దొరలను ఎదిరించే సంగంలో తిరిగిన ఆమె ఒక్కగానొక్క కొడుకుకు ఉరిశిక్ష పడింది. ఉరికి రోజు కూడా పెట్టారు.

మా బాపు హైదరాబాద్ వెళ్లి వకీలును కలిసి వచ్చాడు. ఉరి ఆపమని అడగడానికి వకీలు మర్నాడే ఢిల్లీలోని పెద్ద కోర్టుకు పోతాడట.

"రైలెక్కితే రెండు రాత్రులు పడుతది వదినా. అందుకే గాలిమోటర్ల పోతుండు. పొద్దుగాల ఎక్కితే పొద్దుగూకకముందే దిగుతడు. ఒక్క సద్ది చాలు."

"జనగామకు ఒక్కటే, ఢిల్లీకీ ఒక్కటేనా? నన్ను మాయ చెయ్యకు మరిదీ."

"నిజమే వదినా. నడుమల నాగపూర్ కాడ ఆగి నూనె పోసుకుంటదట."

"ఆగుడేంది? ఇంటికాడనే నిండ పోసుకొని రావొద్దా! తెలివి లేనోళ్లు."

ఇంకో రోజైతే అందరం పగలబడి నవ్వేవాళ్లం. ఆ రోజు ఎవరం నవ్వలేదు.

మిలిటరీవాళ్లు గాలిమోటర్లలో తిరుగుతూ సంగపోళ్లను వెతుకుతారని ఊరంతా నమ్మేది. ఆ చప్పుడు వినిపిస్తే చాలు, పెద్దమ్మ పిల్లలందరినీ చెట్టు కిందికి ఈడ్చేది. మర్నాడు బాపు, పెద్దమ్మ, నేను జొన్నచేనులో కలుపు తీస్తుంటే అదే చప్పుడు వినిపించింది. అలవాటుకొద్దీ నేను చెట్టు కిందికి ఉరికాను. పెద్దమ్మ మాత్రం చేను నడుమ నిలబడి, కొంగు సర్దుకొని, రెండు చేతులెత్తి మొక్కింది.

"పైలంగ పో నాయినా! జల్ది పో!"

ఆ విమానం పోతున్నది తూర్పుకు. ఢిల్లీ అటువైపు కాదని బడికి పోయే నాకు తెలుసు, బాపుకూ తెలుసు. నోరు మెదపవద్దన్నట్టు ఆయన నాకు కళ్లతోనే సైగ చేశాడు. బాపు మీద అంత ప్రేమ నాకు మళ్లీ ఎప్పుడూ పొంగలేదు.

ఆ పగలంతా పెద్దమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు. "ఇప్పుడు యాడిదాక పోయింటడు?" అని అడుగుతూనే ఉంది. నాగపూర్ మొహం ఎరగని బాపు "నాగపూర్ దాటిండు" అన్నాడు. పొద్దుగూకే వేళకు "దిగిండు" అన్నాడు. అప్పుడు ఆమె గోడకు చేరగిలబడి బోరున ఏడ్చింది.

ఉరి ఆగింది. ఆ కబురు వచ్చాక పెద్దమ్మ కొడుకును చూడడానికి జైలుకు పోతూ నన్నూ వెంట తీసుకుపోయింది. ఊచల అవతల అన్న చిక్కి సగమై ఉన్నాడు. ఏడుపు ఆపుకోవడానికేమో, నవ్వుతూ అడిగాడు.

"గాలిమోటరు ఢిల్లీకి ఎంతసేపట్ల పోయిందే అవ్వా?"

పెద్దమ్మ ఊచల్లోంచి చెయ్యి చాపి అతని గడ్డం పట్టుకుంది.

"నిన్ను కన్నంతసేపు పట్టింది బిడ్డా."