నైరుతి మూలన ఈతకొలను

మా ఇంట్లో ఈత వచ్చింది నాకొక్కదానికే. కారంపూడి దగ్గర మా పుట్టినూరి పక్కనే సాగర్ కాలువ పారుతుంది. నీళ్ళు వదిలినప్పుడల్లా మా నాన్న నా నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టి కాలువలోకి తోసేవాడు. కొన్నాళ్ళకి బుర్ర లేకుండానే అవతలి గట్టు తాకి వచ్చేదాన్ని. పెద్దమనిషినయ్యాక ఆ నాన్నే "ఇంక చాల్లే అమ్మా" అన్నాడు. అంతే! ఆ తర్వాత నాకు నీళ్ళంటే బకెట్లో ఉండేవే.

నరసరావుపేటలో డాక్టరు నా మోకాళ్ళు అరిగిపోయాయని చెబుతూ, ఈత వచ్చా అని మాటవరసకి అడిగాడు. వస్తే రోజూ కాసేపు కొట్టమన్నాడు, మోకాళ్ళ మీద బరువు పడదట. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. నొప్పికి అనుకున్నాడు పాపం. కారులో ఇంటికొస్తుంటే మా ఆయన అన్నాడు, "మన పెరట్లోనే కట్టిద్దాంలేవే స్విమ్మింగ్ పూలు. అంత స్థలం ఊరికే పడుంది గదా!"

నేను అడగలేదు. ఆయనే అన్నాడు. ఇక్కడ నన్నెవరూ తప్పు పట్టకూడదని ఈ ముక్క రాస్తున్నాను.

ఆ వేసవంతా మాకదే పని. ఆయన ఎరువుల కొట్టు కట్టేసి వచ్చాక ఇద్దరం పెరట్లో కూర్చుని ఫోనులో స్విమ్మింగ్ పూలు వీడియోలు చూసేవాళ్ళం. నీలం టైల్సా, ఆకుపచ్చ టైల్సా అని వాదులాడుకునేవాళ్ళం. మా బోరు నీళ్ళు నోట పెట్టలేనంత ఉప్పు, టైల్స్ మీద తెల్లగా చార కడతాయి, కాబట్టి ట్యాంకర్లు తోలించాలనుకున్నాం. గుంటూరు నుంచి కాంట్రాక్టరు వచ్చి టేపు పెట్టి కొలిచాడు. నడుం లోతు చాలన్నాడు మా ఆయన. "నిలబడి స్నానం చెయ్యడానికా? ఒక పక్కనైనా తల మునగాలి" అన్నాను. ఇద్దరూ నవ్వారు. ఆ మాటకి మా ఆయన నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చిందని ఇప్పుడనిపిస్తుంది గానీ, ఆ రోజు నేను గమనించలేదు.

కాంట్రాక్టరు ముగ్గుతో గీతలు గీసి వెళ్ళాడు. సాయంత్రాలు నేను ఆ గీతల మధ్య కుర్చీ వేసుకుని కాఫీ తాగేదాన్ని. పిచ్చిదాన్ని! పక్కింటి పిన్ని గోడ మీదుగా చూసి, "ఏందమ్మాయ్, నీళ్ళు రాకముందే దిగావే?" అని వేళాకోళం చేసేది. నాకు సిగ్గేమీ అనిపించేది కాదు. చానా సంతోషంగా ఉన్నాను.

తవ్వే ముందు సిద్ధాంతి గారికి ఒకసారి చూపిద్దామన్నాడు మా ఆయన. మా వైపు గేటు జరపాలన్నా సిద్ధాంతి రావాల్సిందే కాబట్టి నేను సరేనన్నాను. రొంపిచెర్ల వైపు నుంచి ఆయన మోటారు సైకిల్ మీద వచ్చాడు. మాది తూర్పు వాకిలి ఇల్లు. పెరటికి వాయవ్యం మూల సెప్టిక్ ట్యాంకు ఉంది కాబట్టి ఇక మిగిలింది నైరుతి. ఆయన దిక్సూచి పెట్టి చూసి, "నైరుతిలో గొయ్యి తవ్వకూడదమ్మా. ఇంటి ఇల్లాలికి కీడు" అన్నాడు.

నాకు వాస్తు మీద పావలా వంతు నమ్మకం కూడా లేదు. "నా మీదకొచ్చేదైతే రానివ్వండి పంతులుగారూ, ఈత కొడుతూనే పోతా" అని నవ్వేశాను.

సిద్ధాంతి మా ఆయన వైపు చూశాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అట్టా తేలిగ్గా తీసుకోబాకమ్మా. అసలు దోషం యజమానికి. గుండె మీదకొస్తది" అన్నాడు.

అంతకు ముందు ఏడాదే మా ఆయనకి గుండెలో స్టెంటు వేశారు. ఏ ఆడది కాదంటుంది చెప్పండి, ఆ మాట విన్నాక? నమ్మకం లేకపోయినా, రేపు ఏదన్నా అయితే? ముగ్గు గీతలు ఆ పూటే నేనే చీపురుతో ఊడ్చేశాను. "పోనీలేవే, నీకు రాసి పెట్టి లేదు" అని మా ఆయన నా వీపు నిమిరాడు కూడా.

ఈతకొలను మానుకున్నా భయం పోలేదు. ఆ గొయ్యి కోసం అంతగా ఆశపడి ఆయన ప్రాణం మీదకి తెచ్చానేమో అనిపించేది. సోమవారాలు ఉపవాసం మొదలుపెట్టాను. ఈ మోకాళ్ళతోనే కోటప్పకొండ మెట్లెక్కాను. ఆయన మాత్రం ఘాట్ రోడ్డు మీద కారులో పైకొచ్చి, కొబ్బరికాయ పట్టుకుని నాకోసం కూర్చున్నాడు. నా కాళ్ళు వణుకుతుంటే, "ఎందుకే ఇంత కష్టం" అన్నాడు.

మొన్న ఒక పెళ్ళి భోజనాల దగ్గర సిద్ధాంతి కనిపించాడు. ఆశ చావదు కదా! ఏదైనా శాంతి చేయిస్తే ఆ దోషం పోతుందా అని అడిగాను. ఆయన ఇటూ అటూ చూసి నన్ను పక్కకి పిలిచాడు. "ఇంకా మనసులో పెట్టుకున్నావా తల్లీ? మీ ఆయన ముందే ఫోను చేశాడమ్మా. చుట్టూ డాబాలు, ఆడమనిషి ఈత కొడుతుంటే నలుగురూ చూస్తారు, నేను చెబితే వినదు, మీరు చెప్పండి అన్నాడు. నీ పేరు చెబితే నువ్వు లొంగలేదు. అందుకని ఆయన పేరు చెప్పాల్సొచ్చింది."

ఆకులో వడ్డించింది వడ్డించినట్టే వదిలేసి లేచాను.

ఇంటికెళ్ళి మా ఆయన్ని కడిగేశాను. బట్టలు తడిసి ఒంటికంటుకుంటాయని మీకు సిగ్గైతే నాతో చెప్పొచ్చు గదా! పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, చుట్టూ గోడైనా లేపుకునేవాళ్ళం. నమ్మించి గొంతు కోస్తారా? ఈతకొలను పోయినందుకు కాదు నా ఏడుపు. మీరు పోతారేమోనని నేను పస్తులుంటే, ఉత్తిదని తెలిసీ ఎదురుగా కూర్చుని పెరుగన్నం తిన్నారే! మెట్ల మీద కాళ్ళీడ్చుకుంటూ వస్తుంటే పైన కూర్చుని చూశారే! ఎట్టా మనసొప్పింది?

ఆయన తల దించుకుని అంతా విన్నాడు. నేను ఆయాసపడి ఆగాక మెల్లగా అడిగాడు.

"అయితే... నాకేమన్నా అవుతుందనేనా అంత ఇష్టమైంది మానుకుంది?"

అడుగుతూ నవ్వాడు. అది సిగ్గుపడే నవ్వు కాదు. మురిసిపోతున్నాడు! నా భయం ఆయనకి ముద్దుగా ఉంది.

"అవును, అప్పుడు మానుకున్నాను" అన్నాను. "ఇప్పుడు చెప్పించండి ఆ సిద్ధాంతి చేత, మీ గుండె మీదకొస్తదని. పొద్దున్నే గడ్డపార పట్టి నేనే తవ్వుతా."

ఆయన నవ్వు ఆగిపోయింది. నేను లోపలికెళ్ళి కాంట్రాక్టరుకి ఫోను చేశాను.