మీట నొక్కకుండానే జూదం మానేసిన వైనం

జూదంలో ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, పొలాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, పందెం కాసి మీసాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఒక్క పందెం కాయకుండా, ఒక్క మీట నొక్కకుండా, అసలు ఆటగది గుమ్మం కూడా దాటకుండా పరువు మొత్తం పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం జర్మనీ మొత్తం మీద నేనొక్కణ్ణే. ఆ ఘనత నాకెలా దక్కిందో ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా అత్తగారు మాత్రం ఏడ్చారు.

నాలుగేళ్ళ కిందటి మాట. అప్పటికి మేం బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద హాంబర్గ్ వచ్చి మూడేళ్ళయింది. నాకు ఆఫీసుంది, ఆఫీసులో కాఫీ మిషనుంది, దాని చుట్టూ మనుషులున్నారు. మా ఆవిడ శ్యామలకు కిటికీ ఉంది, కిటికీ బయట వాన ఉంది. అంతే.

శ్యామల కాకినాడ మనిషి. పెళ్ళిళ్ళలో విడిదింట్లో తను పేక పట్టుకుని పరుపు మీద కూర్చుంటే మగపెళ్ళివారు ఒక్కొక్కళ్ళే ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయేవారట. మా పెళ్ళిలో కూడా తాళి కట్టడానికి గంట ముందు వరకూ రమ్మీ ఆడిందనీ, ఆట మధ్యలో లేపినందుకు పీటల మీద మొహం ముడుచుకు కూర్చుందనీ చెబుతారు. అది సిగ్గేమో అనుకుని నేను పొంగిపోయాను. అంతటి మనిషికి హాంబర్గ్‌లో జోడీ లేదు. నాకు పేక కలపడమే రాదు. కలిపితే సగం ముక్కలు సోఫా కింద, మిగతావి సాంబారులో. అందుకని మూడేళ్ళుగా తనొక్కతే భోజనాల బల్ల మీద ముక్కలు పరుచుకుని, తనతో తనే ఆడుకుని, తన మీద తనే గెలుస్తోంది.

నలభై అయిదో పుట్టినరోజు దగ్గర పడుతుంటే అడిగాను. "ఏం కావాలి శ్యామలా? గొలుసా, ఫోనా?"

"ఒక్క పూట పట్టుచీర కట్టుకుని నిజం కేసినోలో పేకాడాలండీ."

"అంతేనా!"

"అంతే కాదు. ఎదురుగా మనుషులుంటే నేనాడను. వాళ్ళు జర్మన్‌లో ఏదో అంటారు, నాకు నోరు పెగలదు. మనుషులు లేకుండా పేకాడే మిషన్లుంటాయట కదా, అలాంటిది చూడండి. పందెం చిన్నదుండాలి. నేను సరదాకి ఆడతాను, సంసారం కూల్చడానికి కాదు."

మూడేళ్ళలో తను నన్ను నోరు తెరిచి అడిగిన కోరిక అదొక్కటే. పాలు, పెరుగు కొనడానికి కూడా నా వెనకే నడిచి, నా చేత మాట్లాడించేది. ఈ ఒక్కటీ తీర్చకపోతే నా మగజన్మ, నా బీ-వన్ జర్మన్ సర్టిఫికెట్ రెండూ వృథా అనుకున్నాను.

తను "చూడండి" అంది. మామూలు మొగుడైతే రెండు నిమిషాలు చూస్తాడు. నేను ఆరు వారాలు చూశాను. ఆ మిషన్ని వీడియో పోకర్ అంటారు. అయిదు ముక్కలు వేస్తుంది. మనకు కావలసినవి ఉంచుకుని మిగతావి పారేస్తే వాటి బదులు కొత్తవి వేస్తుంది. జతలు, వరసలు కుదిరితే గెలుపు. అన్ని మిషన్లూ బయటికి ఒకేలా ఉంటాయి, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకుల్లా. అసలు గుణం తెర మీద పైన రాసున్న పట్టికలో ఉంటుంది. మూడు ఒక రకం, రెండు ఒక రకం వస్తే ఫుల్ హౌస్. అయిదూ ఒకే జాతివైతే ఫ్లష్. మొదటిదానికి పందేనికి తొమ్మిదింతలు, రెండోదానికి ఆరింతలు ఇచ్చే మిషన్ మంచి కుటుంబం నుంచి వచ్చినట్టు. ఎనిమిది, అయిదు ఇచ్చేది కాస్త పీనాసి. అంతకన్నా తక్కువిస్తే దాని మొహం చూడకూడదు.

ఎక్సెల్ షీటు తెరిచాను. ఉత్తరాన సముద్రం దగ్గర నుంచి దక్షిణాన కొండల దాకా చిన్న ఊళ్ళ కేసినోలన్నిటికీ ఫోన్లు చేశాను.

"మీ దగ్గర వీడియో పోకర్ ఉందా?"

"రూలెట్ ఉందండీ, చాలా బావుంటుంది."

"అయిదు సెంట్ల పందెంతో ఆడే పోకర్ మిషనుందా? ఫుల్ హౌస్‌కి ఎంతిస్తుంది?"

అటువైపు గొంతు జాగ్రత్తపడింది. "మీరు ఇన్‌స్పెక్టరా?"

ఆరో వారంలో, హాంబర్గ్ నుంచి రైల్లో గంటన్నర దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో దొరికింది. నీటి వైద్యానికి పేరున్న ఊరు. ఫోనెత్తినాయన పాపం లేచి వెళ్ళి చూసొచ్చాడు.

"తొమ్మిది, ఆరు. పాతవి, రెండే ఉన్నాయి, మూలన. ఒకదాని మీద శనివారాలు ఒక పెద్దావిడ ఆడుతుంది. రెండోది ఖాళీ. దాన్ని ఎవరూ అడగరు."

"నేనడుగుతున్నాను!" అని అరిచాను. అదే ఉత్సాహంలో పుట్టినరోజు ఏ వారమో చూశాను. శనివారం. ఇక దేవుడే టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇచ్చినట్టు.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. జర్మనీలో మూడేళ్ళుంటే మనిషి చర్మం కింద ఒక గుమాస్తా పుడతాడు. ఊళ్ళో పేరు నమోదుకు, అంటే అన్‌మెల్డుంగ్‌కి, ఒక ఫారం, ఇంటికి ఒక ఫారం, ఇల్లు ఖాళీ చేస్తే ఒక ఫారం. ఏ ఆఫీసుకు వెళ్ళినా వాళ్ళడగబోయే కాగితం మనదగ్గర ఉండదు. అందుకే నేను ఎక్కడికి వెళ్ళినా, బిడ్డను చంకనేసుకున్నట్టు లావుపాటి ఓర్డ్‌నర్ ఫైలు వేసుకుని వెళ్ళేవాణ్ణి. ఆ శనివారం కూడా తీసుకెళ్ళాను. అందులో పాస్‌పోర్టులు, ఇంటి అగ్రిమెంటు, జీతం చీటీలు, పెళ్ళి సర్టిఫికెట్టు, అన్నిటికీ మూడేసి నకళ్ళు. రెండో చేతిలో పులిహోర డబ్బా. ఒంటి మీద బంధువుల పెళ్ళికి కుట్టించిన సూటు. పక్కన చిలకపచ్చ కంచిపట్టులో శ్యామల. ఆ ఊళ్ళో బాతులు కూడా ఈత ఆపి మమ్మల్ని చూశాయి.

కేసినో రిసెప్షన్‌లో అయిదారుగురు వరసలో ఉన్నారు. పక్కనే గోడకు చిన్న అర, అందులో కాగితాలు. పైన ఫారం ఒకటి. దాని మొదటి మాట "ఆన్‌ట్రాగ్". అంటే దరఖాస్తు. జర్మనీలో ఆ మాట కంటబడితే నా చెయ్యి నన్నడక్కుండానే జేబులో పెన్ను తీస్తుంది.

"చూశావా! వీళ్ళంతా ఊరికే నిలబడ్డారు. కౌంటర్ దగ్గరికి వెళ్ళాక ఫారమేదీ అంటారు, అప్పుడు మళ్ళీ మొదటికొస్తారు. మనం ముందే నింపేస్తే సరి" అన్నాను శ్యామలతో.

"అదేం ఫారమండీ?"

"మెంబర్‌షిప్."

"అని రాసుందా?"

"రాయక్కర్లేదు, అనుభవం."

"వాళ్ళెవ్వరూ నింపట్లేదే?"

"అందుకే వాళ్ళు వరసలో ఉన్నారు."

పేరు, పుట్టిన తేదీ, చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాను. కింద "కాలం" అని ఉంది. మూడు నెలలు, ఏడాది, కాలపరిమితి లేకుండా అని మూడు గళ్ళు. రుసుము మాట ఎక్కడా లేదు. ఉచితంగా వస్తుంటే తెలుగువాడెవడైనా మూడు నెలలకు తీసుకుంటాడా? కాలపరిమితి లేని గడిలో ఇంత లావు టిక్కు పెట్టి సంతకం చేశాను. శ్యామల ముందుకు కూడా ఒక ఫారం తోశాను.

"నేను చదవనిదాని మీద సంతకం పెట్టను" అంది.

"నీకు జర్మన్ రాదుగా."

"అందుకే పెట్టను. పోనీ ఆవిణ్ణి ఇంగ్లీషులో అడగండి."

ఇంగ్లీషా! బీ-వన్ పాసైనవాణ్ణి పట్టుకుని! మా వంతు రాగానే, శ్యామల పాస్‌పోర్టు, నా పాస్‌పోర్టు, నా ఫారం, అడక్కపోయినా మూడు జీతం చీటీలు కౌంటర్ మీద పెట్టాను. రిసెప్షన్ అమ్మాయి ఫారం చూసింది, నన్ను చూసింది, చీర కట్టుకుని పక్కన నిలబడ్డ శ్యామలను చూసింది. ఆ అమ్మాయి కళ్ళు మెత్తబడ్డాయి. గొంతు తగ్గించి జర్మన్‌లో అడిగింది.

"మీరు బాగా ఆలోచించుకున్నారా?"

"ఆరు వారాలు" అన్నాను.

"ఇది మీ సొంత నిర్ణయమేనా?"

"నాదే. నా భార్య కోసం."

"కాలపరిమితి లేకుండా అన్నారు. ఖాయమేనా?"

"చచ్చేదాకా!" అన్నాను ఛాతీ విరిచి.

ఆ అమ్మాయి లేచి నిలబడి నా చెయ్యి పట్టుకుని ఊపింది. మంచినీళ్ళిచ్చింది. టిష్యూ కాగితాల పెట్టె నావైపు జరిపింది. ఒక ఫోన్ నంబరున్న కార్డిచ్చి, "ఎప్పుడు మనసు బాగోకపోయినా పిలవండి. చాలా ధైర్యం చేశారు" అంది.

"చూడు, మర్యాదంటే ఇదీ!" అన్నాను శ్యామలతో, టిష్యూతో చెమట తుడుచుకుంటూ.

అమ్మాయి కంప్యూటర్లో ఏదో కొట్టింది. శ్యామల పాస్‌పోర్టు చూసి లోపలికి పంపింది. తన వెనకే నేను కాలు ముందుకు వేశాను. గేటు తెరుచుకోలేదు. నల్లకోటు వేసుకున్న ఒకాయన వచ్చి నాకూ గేటుకూ మధ్య నిలబడ్డాడు. చివరికి ఇంగ్లీషే దిక్కయింది.

"క్షమించండి సార్, మీరు లోపలికి రాకూడదు."

"ఎందుకని?"

"మీరే కదా ఇప్పుడు రాసిచ్చారు. జూదం వ్యసనమైంది, నన్ను ఎక్కడా ఆడనివ్వకండి అని."

నా చెవుల్లో హాంబర్గ్ రేవులోని ఓడలన్నీ ఒకేసారి కూత వేశాయి.

"ఎక్కడా అంటే... ఈ కేసినోలోనా?"

"జర్మనీ మొత్తం."

"రద్దు చేసెయ్యండి!"

ఆయన విచారంగా తల ఊపాడు. "అందరూ అయిదు నిమిషాలకే అలా అంటారు సార్. అందుకే ఏడాది దాకా రద్దు కుదరదు. ఆ తర్వాత కావాలంటే..." అని గోడ అర వైపు చూపించాడు. "దానికి వేరే దరఖాస్తుంది."

గేటుకు అవతల శ్యామల, ఇవతల నేను. తన మొహంలో పుట్టినరోజు ఆరిపోతుండడం కనబడింది. ఆరు వారాలుగా తను ఎవరికీ చెప్పకుండా వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. నాకు తెలుసు.

"ఇంటికి పోదాం పదండి" అంది.

"నువ్వు వెళ్ళు."

"నేనా? ఒక్కదాన్నా? ఎవరైనా ఏదైనా అడిగితే?"

"ఏం అడిగినా అవునని చెప్పకు. నేనలాగే చెప్పాను."

అంత దుఃఖంలోనూ తనకు నవ్వొచ్చింది. ఏ ముక్కలు ఉంచాలో, ఏవి పారెయ్యాలో నేను రంగుల పెన్నులతో తయారుచేసిన పట్టీని గేటు మీద నుంచి అందించాను. చీరకొంగు నడుముకు దోపి, ఒక్కసారి వెనక్కి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. విడిదింట్లో పరుపు వైపు నడిచే ఆ నడక గురించి వినడమే తప్ప, నేను కళ్ళారా చూడడం అదే మొదటిసారి.

నేను బయట పార్కులో బెంచీ మీద, గొడుగు కింద, ఓర్డ్‌నర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గంటయింది. రెండు గంటలయింది. నా అంత సమగ్రమైన పత్రాలతో వానలో కూర్చున్నవాడు చరిత్రలో ఇంకొకడుండడు. ఎవరో తనను ఏదో అడిగి ఉంటారనీ, మూలన కూర్చుని ఏడుస్తోందనీ ఊహించుకుంటున్నాను. తలుపు తెరుచుకుంది. శ్యామల బయటికొచ్చింది. చేతిలో చెయ్యేసుకుని, డెబ్బై ఏళ్ళు దాటిన ఒక జర్మన్ పెద్దావిడ.

"ఏమండీ, నాలుగు రాణులూ వచ్చాయి! నాలుగూ!" దూరం నుంచే కేక. "ఈవిడ ఇంగ్రిడ్‌గారు. పక్క మిషను ఈవిడదే. ఆ పులిహోర డబ్బా ఇటివ్వండి, ఆకలేస్తోందట."

"పట్టీ పనికొచ్చిందా?"

"దాన్ని కాఫీ కప్పు కింద వేశాను. టేబులు పాడవకుండా."

"మరి ఆవిడతో ఏ భాషలో మాట్లాడావ్?"

"పేకాటలో భాషేమిటండీ! నేను తప్పు ముక్క పారేస్తే 'నైన్, నైన్', అంటే వద్దు వద్దని, నా చేతి మీద కొట్టింది. మా మేనత్త కూడా అచ్చం అంతే."

ఇంగ్రిడ్‌గారు నాలుగు ముద్దలు పులిహోర తిని, ఎండుమిరపకాయ నమిలి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మిరపకాయ వల్లే అనుకున్నాను. కాదు. నా భుజం తట్టి నెమ్మదిగా అన్నారు. "రిసెప్షన్‌లో చెప్పారు. మా ఆయన చివరిదాకా మానలేకపోయాడు. నువ్వు మానావు. గట్టివాడివి."

ఇంత ప్రేమగా మెచ్చుకుంటుంటే, నాకసలు ఆ అలవాటే లేదండీ అనడానికి నోరు రాలేదు. తల దించుకున్నాను. అది పశ్చాత్తాపంలా కనబడి ఆవిడ ఇంకో మూడుసార్లు తట్టారు.

ఇక్కడితో ఆగితే బావుండేది. వారం తర్వాత నా నిషేధాన్ని ఖాయం చేస్తూ ఇంటికి ఉత్తరం వచ్చింది. అదే రోజు దక్షిణాన గార్చింగ్ అనే ఊరి నుంచి మా తోడల్లుడు మూర్తిగారు వచ్చారు. ఆయనకు జర్మన్ చక్కగా వచ్చు. బల్ల మీది ఉత్తరం చదివి, నా పక్కన కూర్చుని, నా చెయ్యి ఆయన చేతిలోకి తీసుకున్నారు.

"తమ్ముడూ, ఎన్నాళ్ళ నుంచి?"

"అయ్యో అన్నయ్యా, అది మెంబర్‌షిప్ అనుకుని..."

"తెలుసు తమ్ముడూ. మొదట్లో అందరికీ ఒప్పుకోవడం కష్టమే."

"బావగారూ, నిజంగానే ఈయనకు పేక కలపడం కూడా రాదు" అంది శ్యామల.

"భర్తను కాపాడుకుంటున్నావమ్మా, మంచిదే" అన్నారాయన కండువా లేకపోయినా ఉన్నట్టు కళ్ళు ఒత్తుకుంటూ.

సాయంత్రానికి కబురు కాకినాడ చేరింది. అత్తగారు ఫోన్లో భోరుమన్నారు. "నా బంగారు తండ్రీ! ఎంత నరకం అనుభవించావో, మాకు ఒక్క ముక్క చెప్పలేదు! మానేశావు, అంతే చాలు" అని మర్నాడే సత్యనారాయణ వ్రతం చేయించి ఊరంతటికీ ప్రసాదం పంచారు. ఎందుకని అడిగినవాళ్ళకూ చెప్పారు, అడగనివాళ్ళకూ చెప్పారు. దీపావళికి హాంబర్గ్‌లో ఎవరింటికి వెళ్ళినా నన్ను చూడగానే పేక దిండు కింద దాచేస్తారు. కిందటేడు మన కుర్రాళ్ళు కొందరు వచ్చి, వ్యసనాన్ని ఎలా జయించారో మా సభలో మాట్లాడండంకుల్ అన్నారు. వెళ్ళాను. మాట్లాడాను. ఇద్దరు ఏడ్చారు. ఒకడు సిగరెట్లు మానేశాడు.

శ్యామల ఇప్పటికీ నెలకొక శనివారం ఆ ఊరు వెళుతుంది. టిక్కెట్టు తనే కొంటుంది. ఇంగ్రిడ్‌గారితో తను మాట్లాడే జర్మన్ ముందు నా బీ-వన్ సర్టిఫికెట్ తలవంచి నిలబడుతుంది. నేను వెంట వెళ్ళి అదే బెంచీ మీద బాతులకు కాపలా కాస్తాను. నిషేధం ఎత్తివేసే దరఖాస్తు మూడేళ్ళుగా ఇంట్లోనే ఉంది. "ఎందుకులెండి, మా అమ్మ మళ్ళీ కంగారు పడుతుంది" అంటుంది శ్యామల.

అందుచేత అగ్నిసాక్షిగా, ఓర్డ్‌నర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ చదవని కాగితం మీద సంతకం పెట్టను. ఈ మాటనే తెల్లకాగితం మీద అందంగా రాసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టబోతుంటే వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి పెన్ను లాక్కుంది.

"ఇటివ్వండి" అంది శ్యామల. "ముందు నేను చదవాలి."