నెత్తిమీద నారుమడి

ముందే ఒప్పుకుంటున్నాను. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే రకం కాదు. గంపెడు మిరపకాయలు కనిపిస్తే లారీడు అంటాను. నాలుగు చినుకులు పడితే తుపాను అంటాను. మా ఆవిడ రాజ్యలక్ష్మి నా మాటల్ని ఎప్పుడూ నాలుగుతో భాగించి వింటుంది. మీరూ అలాగే వినండి. ఎంత భాగించినా ఈ కథలో ఒక ఘోరం మాత్రం శేషంగా మిగులుతుంది. ఆ ఘోరం నా నెత్తిమీదే జరిగింది.

రెండు వేల ఏడో ఎనిమిదో, సరిగ్గా గుర్తులేదు. అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఒంట్లో అన్నీ సక్రమంగానే ఉన్నాయి, జుట్టు తప్ప. అది ముప్ఫయ్యో ఏట ముందు నుంచి వెనక్కి నడవడం మొదలుపెట్టి, ముప్ఫై అయిదుకల్లా మెడ దగ్గరికి చేరి, అక్కణ్ణుంచి దూకేద్దామా వద్దా అని ఆలోచిస్తోంది. రాజ్యానికి మాత్రం నడుము దాటిన జడ. ఆ జడలో సగం నాకు పంచినా ఇద్దరం దర్జాగా బతకొచ్చు.

ఒకరోజు చీరల కొట్టుకి వెళ్లాం. సేల్స్‌మాన్ నెమలికంఠం రంగు చీర విప్పి, నా వంక ఎంతో గౌరవంగా చూసి, "తీసుకోండమ్మా, మీ నాన్నగారికి కూడా నచ్చినట్టుంది" అన్నాడు.

రాజ్యం పకపకా నవ్వి ఉంటే బాగుండేది. నేనూ నవ్వేసేవాణ్ణి. కానీ అది తల వంచుకుని, "ఆయన మా ఆయనండీ" అంది, నాకు వినపడకూడదన్నంత మెల్లగా. చీర కొనకుండానే లేచింది. స్కూటర్ మీద ఇంటికి బయల్దేరాం. నేను నొచ్చుకున్నానేమోనని అది, అది నొచ్చుకుందేమోనని నేను. మా మధ్య ఆ సేల్స్‌మాన్ కూడా కూర్చుని వస్తున్నట్టే ఉంది.

మర్నాడు యార్డులో మస్తాన్‌కి చెప్పుకున్నాను. మస్తాన్ వలీ నా పక్క కొట్టువాడు, నా చిన్ననాటి స్నేహితుడు, నా ప్రతి తప్పుకీ మొదటి సలహాదారు.

"ఒరేయ్ సాంబా, హైదరాబాదులో జుట్టు నాటుతున్నారంటరా. వెనకాల ఉన్నది తీసి ముందు నాటుతారు. అచ్చం మన మిరప నారే!"

"రాజ్యానికి చెబితే ఒప్పుకోదురా. తల మీద కత్తంటే భయపడి చస్తుంది."

"చెప్పబాక. సరుకు పని మీద వెళ్తున్నానని చెప్పి వెళ్లు."

"నాటే ముందు గుండు గీస్తారంటగా. గుండుతో తిరిగొస్తే?"

మస్తాన్ నా వంక జాలిగా చూశాడు. "గుండు చేయించుకొచ్చినవాణ్ణి మన ఊళ్లో ఎక్కడికెళ్లావని ఎవడన్నా అడుగుతాడంట్రా? తిరుపతి అని వాళ్లే అనుకుంటారు. ఈమాత్రం నాకు తెలుసు, నీకు తెలీదా?"

అలా ఏడుకొండలవాడి పేరు మీద నా అబద్ధానికి మస్తాన్ వలీ ముహూర్తం పెట్టాడు.

హైదరాబాదు డాక్టరు చాలా మర్యాదస్తుడు. పనంతా అయ్యాక జాగ్రత్తలు చెప్పాడు. "పది రోజులు తలకి ఏదీ తగలకూడదు. పడుకోకండి, వాలు కుర్చీలో నిద్రపోండి. దుమ్ములోకి వెళ్లొద్దు. మరీ ముఖ్యంగా గట్టిగా తుమ్మొద్దు. ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

"గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారమండీ."

డాక్టరు కలం కింద పెట్టేశాడు. ఆయన ముఖంలో అంత నిస్పృహ తన చేతిలో రోగి పోయినప్పుడు కూడా వచ్చి ఉండదు.

నెత్తిమీద రెండు వేల పిలకలు, వెనకాల చెవి నుంచి చెవి దాకా కుట్లు, వాటిమీద వదులుగా ఒక తువ్వాలు, సంచిలో మాత్రలు, లోషను. ఈ అవతారంతో ఇల్లు చేరాను. రాజ్యం గుమ్మంలోనే నిలబడిపోయింది.

"తిరుపతి వెళ్లారా? నాకు చెప్పకుండానా?"

"మొక్కు. బయటికి చెప్పకూడదు."

దాని కళ్లు మెరిశాయి. వెంటనే, "లడ్డూ ఏదండీ?" అంది.

చూశారా? నేనూ మస్తానూ కలిసి పన్నిన అంత గొప్ప పన్నాగంలో లడ్డూ లేదు.

"బస్సులో పక్కసీటాయన తిన్నాడు."

"రెండూనా?"

"ఆకలి మీదున్నాడు పాపం."

"పోన్లెండి. గుండుకి గంధమన్నా రాయించుకోలేదు, ఉండండి అరగదీసుకొస్తాను" అంటూ లోపలికెళ్లింది. గంధం గిన్నెతో అది బయటికి రావడం, నేను పెరటి గుమ్మంలోంచి వీధిలోకి దూకడం ఒకేసారి జరిగాయి. గంధానికి భయపడి పారిపోయిన భక్తుణ్ణి మా వీధి అంతకు ముందెన్నడూ చూడలేదు.

మూడో రోజు నుదురు వాచింది. నాలుగో రోజు ఆ వాపు కళ్లమీదికి దిగింది. అద్దంలో చూసుకుంటే గుమ్మడికాయకి దిష్టిబొమ్మ ముఖం గీసినట్టుంది. ఇలా వాపు దిగడం మామూలేనని డాక్టరు ముందే చెప్పాడు. కానీ నాకే చెప్పాడు, రాజ్యానికి కాదు.

"కందిరీగ కుట్టింది" అన్నాను.

"రెండు కళ్లమీదానా?"

"రెండు కందిరీగలు."

అయిదో రోజు యార్డుకి వెళ్లక తప్పలేదు. మిర్చి సీజను, గేటు దాకా టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు. ఊరవతల ఉన్న పిల్లి కూడా ఆ ఘాటుకి తుమ్ముతుంది. నాకు మొదటి తుమ్ము వచ్చేసరికి రెండు చేతులతో తువ్వాలు పట్టుకున్నాను. పక్కన మస్తాన్, "ఆపుకోరా! తలెత్తు! నోటితో వదులు! నారు కదిలిపోద్దిరోయ్!" అని అరుస్తున్నాడు. నలభై రెండు తుమ్ములు. వేలంపాట వదిలేసి రైతులంతా నా చుట్టూ మూగారు. పర్చూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన, "పాపం, తల్లో ఏదో అయినట్టుందయ్యా" అని నిట్టూర్చాడు.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి వాలు కుర్చీలో నిద్రపోయాను. తువ్వాలు జారిపోయింది. మజ్జిగ గ్లాసుతో వచ్చిన రాజ్యం నా తల వెనకాల కుట్లు చూసింది.

ఈ సంగతి నాకు నెల తర్వాతగానీ తెలియలేదు. మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఆ నెలంతా నేనెంత మూర్ఖుణ్ణో మీరు తీరిగ్గా చూడాలని. వాచిన ముఖం, తలకి కుట్లు, బీరువాలో బట్టల అడుగున దాచిన మాత్రలు, చెప్పకుండా చేసిన హైదరాబాదు ప్రయాణం. సంచిలో రాజ్యానికి ఆ బస్సు టిక్కెట్టు కూడా దొరికింది. ఇవన్నీ కలిపి చూసుకుంటే ఏ ఇల్లాలికైనా ఏం తోస్తుంది? మొగుడికి తలలో ఏదో పెద్ద రోగం వచ్చింది, తనకు తెలిస్తే తట్టుకోలేదని దాచి ఆపరేషను చేయించుకొచ్చాడు, అనేగా?

ఆ రోజు నుంచి మా ఇల్లు మారిపోయింది. పొద్దున్నే నేతి పెసరట్టు, మధ్యాహ్నం నాటుకోడి. టీవీ రిమోట్ నా చేతిలో ఉంది. పెళ్లయిన పధ్నాలుగేళ్లలో ఆ వస్తువు బరువెంతో నాకు అప్పుడే తెలిసింది. అరిస్తే ఊరుకునేది. విసుక్కుంటే నవ్వేది. ఒక్కోసారి వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను అలా చూస్తూ ఉండిపోయేది. నేను గుండు నిమురుకోబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి, మీసం దువ్వుకునేవాణ్ణి. జుట్టు మొలవకముందే ఇంత ప్రేమ, మొలిస్తే ఇంకెంతో అని మస్తాన్‌తో గొప్పలు పోయాను కూడా.

కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ హైదరాబాదు వెళ్లాలి. దానికో అబద్ధం కావాలి.

"చీమకుర్తి క్వారీకి వెళ్లొస్తాను రాజ్యం. నల్లరాయి చూడాలి."

"నల్లరాయి ఎందుకండీ?" అంది.

ఇంటి గుమ్మం ముందు వేయించాల్సిన రాతి మెట్లు మనసులో పెట్టుకుని, "ముందు ముందు అవసరం పడుతుందిగా. పాలిష్ బాగుంటే మనిషి పోయినా రాయి ఉంటుంది" అన్నాను.

రాజ్యం వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఉల్లిపాయలు తరుగుతోందనుకున్నాను.

నాలుగో వారంలో నాటిన వెంట్రుకలు రాలడం మొదలైంది. ఇదీ డాక్టరు చెప్పిందే. నాటిన నారు ముందు వాడుతుంది, తర్వాతే వేరు పట్టుకుంటుంది. ఒక ఆదివారం నేను కాఫీ తాగుతుంటే రాజ్యం నా దిండు గలీబు తెచ్చి ఒళ్లో పెట్టింది. గలీబు నిండా వెంట్రుకలు.

"ఇంకా ఎన్నాళ్లు దాస్తారండీ?"

"ఏంటి?"

"డాక్టరు ఎన్నాళ్లని చెప్పాడు?"

నేను లోషను సంగతి అనుకున్నాను. "జీవితాంతం అన్నాడు" అన్నాను.

"ఎంత ఉంది మరి... జీవితం?" అంటూ నా కాళ్ల దగ్గర కూలబడిపోయింది.

అప్పుడు చూశాను దాని ముఖం, నెలరోజుల్లో మొదటిసారి సరిగ్గా. కళ్లకింద నల్లటి చారలు. చిక్కిపోయింది. ఆ నాటుకోళ్లన్నీ నాకు పెట్టి అది తిన్నట్టు లేదు. కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. "రాజ్యం, నాకు ఏ రోగమూ లేదే. జుట్టు. జుట్టు నాటించుకున్నాను. ఒట్టు" అన్నాను.

నమ్మలేదు. మాత్రల చీటీ చూపించాను. డాక్టరుకి ఫోను కలిపాను. మస్తాన్‌ని పిలిపించాను. వాడు వచ్చి, "అవునమ్మా, నారే" అని సాక్ష్యం చెప్పాడు. అప్పుడు నమ్మింది. నమ్మాక నవ్వింది. నవ్వి, ఏడ్చి, దిండుతో నన్ను మూడు దెబ్బలూ మస్తాన్‌ని రెండు దెబ్బలూ కొట్టింది. మొత్తం అయిదే. ఇందులో దేన్నీ భాగించక్కర్లేదు.

"ఎందుకు చేశారండీ ఈ పని?"

"ఆ చీరల కొట్టువాడు..." అన్నాను. మిగతాది దానికి చెప్పనక్కర్లేకపోయింది.

కళ్లు తుడుచుకుని నింపాదిగా అంది. "అయితే ఒక చిక్కుందండీ. మీకు బాగైతే తలనీలాలు ఇస్తానని సింగరాయకొండ నరసింహస్వామికి మొక్కుకున్నాను."

"ఎవరివి?"

"ఎవరివో నోటితో అనలేదు. బాగవ్వాల్సింది మీరు కదా, మరి మీవే."

"అసలు రోగమే లేదుగా! లేని రోగానికి మొక్కేంటి?"

"నేను అడిగింది మీరు బాగుండాలని. బాగున్నారు కదా?"

ఈ వాదానికి హైకోర్టులో కూడా జవాబు లేదు.

అక్కణ్ణుంచి లోషను పని రాజ్యం చేతికి వెళ్లింది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి, నన్ను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి చుక్కలు వేసేది. "కదలకండి. ఈ పక్క పలచగా ఉంది. దేవుడికిచ్చేది అరకొరగా ఇస్తామా?" రోజూ ఒక మాత్ర ఎదురుగా నిలబడి మింగించేది. నాలుగో నెలలో మొలకలు. ఎనిమిదో నెలలో దువ్వెన కొన్నాను. ఏడాది తిరిగేసరికి పాపిడి! రోజుకి పదిసార్లు అద్దం చూసుకునేవాణ్ణి. ఆ చీరల కొట్టు ముందు పనిలేకపోయినా స్కూటర్ ఆపేవాణ్ణి. అచ్చం దసరాకి మేపుతున్న పొట్టేలు తన కొమ్ములు చూసుకుని మురిసినట్టు.

ఆ రోజు రానే వచ్చింది. నేను ఏడుస్తుంటే రాజ్యం హెడ్ కానిస్టేబుల్‌లా నా రెక్క పట్టుకుని సింగరాయకొండ బస్సెక్కించింది. కత్తి పట్టుకున్నాయన నా తల తడుపుతూ వెనక గీత చూసి, "ఇదేంటండీ ఇక్కడ?" అన్నాడు.

"గట్టు, అయ్యా. నారు తీసిన మడి అక్కడే" అన్నాను.

రెండు నిమిషాల్లో ఏడాది పంట కోత అయిపోయింది. తిరుపతి వెళ్లొచ్చానని అబద్ధమాడిన గుండు సింగరాయకొండలో నిజమైంది.

కాబట్టి ఈ సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నా శరీరంలో ఏ భాగాన్నీ ఒక చోట పెరికి మరో చోట నాటించను. నాటించినా భార్యకు చెప్పి నాటిస్తాను. దేవుడి పేరు మీద అబద్ధమాడితే లడ్డూలు కొనుక్కుని మరీ ఆడతాను.

ఇప్పుడు అసలు మాట. ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలిగా. నలభై రెండు తుమ్ములు అనుకుంటున్నారేమో. తుమ్ములు నిజం, మస్తాన్ లెక్కపెట్టాడు. చీమకుర్తి రాయీ నిజమే. కల్పించింది ఆ హెడ్ కానిస్టేబుల్ ముక్క.

రాజ్యం నన్ను లాక్కెళ్లలేదు. అక్కడ పీట దగ్గరికి వచ్చేసరికి అది నా ముఖంలోకి ఒకసారి చూసింది. "మీరు ఉండండి. మొక్కుకున్నది నేను. నా జడ ఇస్తాను" అని ముడి విప్పేసుకుంది. ఆ జుట్టు నడుం దాటి జారింది. అది కూర్చునేలోపే నేను పీట మీద కూలబడి, "కానివ్వవయ్యా, త్వరగా" అన్నాను. నేను ఏడవలేదు. ఒంగోలు దాటేదాకా అదే ఏడ్చింది.

ఇంటికొచ్చాక గంధం అరగదీసుకొచ్చింది. ఈసారి పారిపోలేదు. తల వంచి కూర్చున్నాను.