ఎంగిలి బంతులు

వెర్నన్ స్టకీ చేతి గీతల్లో మట్టి ఉండేది. ఎంత తోమినా పోయేది కాదు. ముప్పై ఒక్క ఏళ్లు అతను చేసిన పని బంతులకు మట్టి పట్టించడం.

పెట్టెలోంచి తీసిన కొత్త బేస్‌బాల్ బంతి నున్నగా ఉంటుంది, చేతిలోంచి జారిపోతుంది. పిచర్ విసిరేటప్పుడు వేళ్లకు పట్టు దొరక్కపోతే అది పోయి ఎదుటివాడి తలకు తగులుతుంది. అందుకని ప్రతి ఆటకూ ముందు వంద పైచిలుకు బంతులకు నది అడుగు నుంచి తెచ్చిన మెత్తటి బురద పల్చగా రుద్దాలి. ఎక్కువైతే తోలు నల్లబడుతుంది, అంపైర్ తిప్పి పంపుతాడు. తక్కువైతే పిచర్లు తిడతారు. లూయీవిల్ జట్టు మైదానంలో, అంపైర్ల గది పక్కన, కిటికీ లేని చిన్న గదిలో కూర్చుని వెర్నన్ ఆ పని చేసేవాడు. అతని పేరు తెలిసిన ప్రేక్షకుడు ఒక్కడూ లేడు. ఆటగాళ్లందరికీ తెలుసు.

పని నేర్పిన ఏమన్ టల్ అనే ముసలివాడు అతనికి రెండు సంగతులు అప్పగించి వెళ్లాడు. ఒకటి నోటితో చెప్పాడు. "నీళ్లు వద్దురా, తోలు ఉబ్బుతుంది. ఉమ్ము వేసి రుద్దు. నీ నోట్లో ఉన్నదానికి మించిన నూనె లేదు." రెండోది చెప్పలేదు, చూపించాడు. పత్రికవాళ్లు ఏదైనా అడిగితే ఏమన్‌కు చెవుడు వచ్చేది. ఆటగాళ్లు తాగిన రాత్రులు, పెళ్లాలతో గొడవలు, దాచుకున్న నొప్పులు అన్నీ ఆ గది గడపలో వదిలేసి వెళ్లేవారు. అవి గడప దాటేవి కావు. వెర్నన్ కూడా అలాగే చెవిటివాడయ్యాడు. అక్కడ అతనికి ఉన్న గౌరవం అదే.

వైరస్ వచ్చిన ఏడాది ఆటలు జూలైలో మొదలయ్యాయి. కుర్చీల్లో మనుషులకు బదులు అట్టబొమ్మలు పెట్టారు. మెడలో కార్డు లేనివాణ్ణి లోపలికి రానిచ్చేవారు కాదు. రోజు విడిచి రోజు పొద్దున్నే పరీక్షకు ఒక గొట్టంలో ఉమ్మి ఇవ్వాలి. మైదానంలో మాత్రం ఉమ్మకూడదు. పొద్దుతిరుగుడు గింజలు నమలకూడదు, చేతులు కలపకూడదు, ఆటకు వేరే ఊరు వెళ్తే హోటల్ దాటకూడదు. వెర్నన్ ఆ నిబంధనల అరవై ఏడు పేజీలూ చదివి సంతకం పెట్టాడు.

"ఉమ్మకు ఉమ్మకు అని మా అమ్మ చిన్నప్పుడు వీపు చీరేది. ఇప్పుడు వీళ్లు సీసా పట్టి అడుగుతున్నారు" అన్నాడు ఇంటికొచ్చి.

"ఇచ్చేయ్. నీ దగ్గర వాళ్లకు పనికొచ్చేది ఇంకేముంది?" అంది అతని భార్య లొరేన్.

అతను స్పంజి, నీళ్లు, రబ్బరు తొడుగులు పెట్టుకున్నాడు. తొడుగుల్లోంచి తోలు తెలిసేది కాదు. అయినా రుద్దాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం బ్రోడీ లాస్‌వెల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. జట్టులో పెద్ద పిచర్ అతను. ఓక్లహోమా నుంచి ఇరవై ఒక్కేళ్ల వయసులో వచ్చినప్పుడు, అద్దె ఇల్లు దొరికేదాకా ఆరు వారాలు వెర్నన్ ఇంటి కింది గదిలో ఉన్నాడు. లొరేన్ పెట్టిన మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజల పులుసు తిన్నాడు. తొమ్మిదేళ్లయినా క్రిస్మస్‌కు ఫోన్ చేసి ముందు ఆమెతోనే మాట్లాడేవాడు.

"ఇవి బంతులా, హోటల్ సబ్బులా?" అన్నాడు.

"నీళ్లతో ఇంతే వస్తుంది."

"ఒక్క డజను చెయ్యి. చెయ్యి వేడెక్కించుకోవడానికే. ఆటలోకి పోవు. నీ పాత పద్ధతిలో చెయ్యి."

"సంతకం పెట్టాన్రా."

"నీ ఎంగిలి మీద తొమ్మిదేళ్లుగా బతుకుతున్నాను ముసలాయనా. ఇప్పుడు కొత్తగా చస్తానా?"

వెర్నన్ తలుపు మూసి, తొడుగులు తీసి, పన్నెండు బంతులు రుద్దాడు. ఆ రోజు బ్రోడీ ఎవరినీ పరుగు తీయనివ్వలేదు. అయిదు రోజుల తరవాత మళ్లీ పన్నెండు.

తరవాత జట్టు వారం రోజులు వేరే ఊరు వెళ్లి వచ్చింది. వచ్చిన రోజే బ్రోడీ ఆ గదిలో బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపుతూ చెప్పాడు. తనూ ఇంకో ముగ్గురూ బస చేసిన హోటల్ వెనక మెట్లు దిగి ఒక మాంసం హోటల్లో లోపలి గదికి వెళ్లారట. ఎవరిదో పుట్టినరోజు. పాటలు, మనుషులు.

"నువ్వేం వినలేదు" అన్నాడు.

"నాకు చెవుడు" అన్నాడు వెర్నన్.

బుధవారం బ్రోడీ గొట్టంలోనూ, ఆ నలుగురిలో ఇంకొకడి గొట్టంలోనూ వైరస్ తేలింది. శుక్రవారానికి ఏడుగురు. ఆదివారానికి పదకొండు మంది. ఆటలు ఆగాయి, ఎదుటి జట్టు హోటల్లో కూర్చుంది. అరవై ఆరేళ్ల కోచ్ హాలిస్ గ్రబ్‌ను ఆసుపత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. వెర్నన్, హాలిస్ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరారు. చలికాలంలో ఇద్దరూ కలిసి చేపలు పట్టేవారు.

సోమవారం ఆటగాళ్ల గదుల బాగోగులు చూసే గస్ పిట్‌మన్ ఒక ట్యాబ్లెట్ తెర తెచ్చి వెర్నన్ బల్ల మీద పెట్టాడు. అందులో పోటీలు నడిపే లీగ్ ఆఫీసు నుంచి ఆల్డెన్ అనే ఆవిడ ఉంది.

"ఆటగాళ్లెవరైనా హోటల్ దాటి వెళ్లినట్టు మీకు తెలుసా?"

"నేను వాళ్లతో ఊరు వెళ్లను."

"అది కాదు నేనడిగింది."

"నాకు తెలీదండీ."

ఆవిడ కాగితం తిప్పింది. "మీరు ఉమ్ముతో బంతులు రుద్దారా?"

ఆ తలుపు మూసినప్పుడు లోపల ఉన్నది అతనూ బంతులూ. బయట తెలిసినవాడు ఒక్కడే.

"రుద్దాను. డజను చొప్పున రెండుసార్లు."

"ఎవరైనా అడిగారా?"

గస్ గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు.

"ఎవరూ అడగలేదు. అలవాటు కొద్దీ" అన్నాడు వెర్నన్.

రెండు రోజులకు జట్టు ప్రకటన ఇచ్చింది. ఒక సహాయక ఉద్యోగి నిబంధనలు మీరి బంతులకు ఉమ్ము పూశాడని, అతణ్ణి తొలగించామని. పేరు రాయలేదు. రాయనక్కర లేకపోయింది. బంతులు రుద్దేవాడు ఒక్కడే కదా. పక్కింటి ఆవిడ కుక్కను తీసుకుని రోడ్డు అవతలికి నడిచింది.

కార్డు తీసుకోవడానికి గస్ వచ్చాడు.

"నా గొట్టాలు ఇరవై మూడు, గస్. ఒక్కదాంట్లోనూ వైరస్ లేదు. లేని రోగం నా ఉమ్ములోంచి ఎలా పోతుంది?"

"తెలుసు వెర్న్."

"నీకు తెలుసా?"

"అందరికీ తెలుసు" అన్నాడు గస్. కార్డు తాడు వేలికి చుట్టుకుని జేబులో వేసుకున్నాడు. "కొన్నాళ్లు ఓపిక పట్టు. నీ నోరు మంచిదని అందరికీ నమ్మకం."

వెర్నన్ ఓపిక పట్టాడు. "బ్రోడీకి ఒంట్లో బాగవనీ. వాడే చెబుతాడు" అన్నాడు లొరేన్‌తో.

"చెబుతాడు, చెబుతాడు. నీ పేరు చెప్పినంత తొందరగా చెబుతాడు."

"నువ్వు వాడికి అన్నం పెట్టినదానివి."

"అందుకే అంటున్నా."

పన్నెండో రోజున బ్రోడీ వచ్చాడు. కారు వీధి చివర ఆపి నడిచి వచ్చాడు. మూతికి గుడ్డ, చేతిలో సంచి. వరండా మెట్ల కిందే ఆగాడు. లొరేన్ తలుపు జాలీ వెనకనుంచి చూసి లోపలికి వెళ్లిపోయింది.

"మిస్ లొరేన్ పలకదా నాతో?"

"పనిలో ఉంది."

"వాళ్లు నన్ను నాలుగు గంటలు అడిగారు ముసలాయనా. ఏదో ఒకటి చెప్పాలి. ఆ హోటల్ సంగతి చెబితే నలుగురి సీజనూ పోయేది. జట్టూ పోయేది. నీకంటావా, ఇంకో ఏడాదో రెండేళ్లో. ఎలాగూ మానేస్తావు కదా."

"మానేస్తానని నీకు చెప్పానా?"

బ్రోడీ సంచి ఎత్తి పై మెట్టు మీద పెట్టాడు. లోపల తెల్లటి కొత్త బంతులు.

"వాళ్లు పెట్టిన కొత్తవాడికి చేతకావడం లేదు. శనివారం విసిరే వంతు నాది. ఇక్కడ నిన్ను చూసేవాళ్లెవరూ లేరు. ఒక్క డజను."

అతని కళ్లలో సిగ్గు లేదు. వెర్నన్ వెతికాడు, కనిపించలేదు. ఏమీ జరగనట్టు, ఇంకా ఆ బల్ల మీదే కూర్చుని కాళ్లు ఊపుతున్నట్టు అడుగుతున్నాడు. బ్రోడీ తనకు పెట్టిన పేరు రోగం అంటించినవాడు అని కాదు, ఏం చేసినా పడి ఉండేవాడు అని. వెర్నన్‌కు అది అప్పుడు తెలిసింది.

"హాలిస్ పెళ్లాం నిన్న ఫోన్ చేసింది" అన్నాడు. "నీ ఎంగిలి వల్లే కదా ఇదంతా, వెర్నన్, అంది. ఏం చెప్పమంటావు?"

"నువ్వేం వినలేదు కదా" అన్నాడు బ్రోడీ మెల్లగా.

"సంచి తీసుకుపో."

ఆ సాయంత్రమే వెర్నన్ ఆల్డెన్ గారికి ఫోన్ చేశాడు. మాంసం హోటల్, వెనక మెట్లు, నలుగురి పేర్లు, బంతులు ఎవరు అడిగారో, అన్నీ చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ గది మాట బయట చెప్పడం అదే మొదటిసారి.

"నేను అడిగిన రోజు ఎందుకు చెప్పలేదు?" అంది ఆవిడ.

వెర్నన్ నలుగురి పేర్లూ మరోసారి చెప్పి ఫోన్ పెట్టేశాడు.

నలుగురినీ ఆరు ఆటలు పక్కన కూర్చోబెట్టారు. ఆరు ఆటలంతే. వెర్నన్‌కు ఉత్తరం వచ్చింది. ఉమ్ము సంగతి అతను ఒప్పుకున్నదే కాబట్టి తొలగింపు మారదని. మర్నాడు గస్ ఫోన్ చేశాడు.

"నువ్వేనా మాట్లాడింది?"

"నేనే."

"నీ నోరు మంచిదని అందరికీ చెప్పాను. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"హాలిస్‌కు ఊపిరి ఆడని రోజుల్లో నీ మొహం ఎక్కడ పెట్టుకున్నావు గస్?"

"హాలిస్‌కు కూడా ఆ హోటల్ సంగతి తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. ఆక్సిజన్ గొట్టం ముక్కులో ఉండగా కూడా ఆయన నోరు విప్పలేదు." గస్ ఆగాడు. "నువ్వు విప్పావు."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎవరూ చేయలేదు. గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్పినవాళ్లు, అతని చేతుల మీద గెలిచినవాళ్లు, ఒక్కరు కూడా.

అక్టోబరులో హాలిస్ ఇంటికి వచ్చాడని విని వెర్నన్ ఫోన్ చేశాడు. అతని భార్య ఎత్తింది. వెనక టీవీ మోగుతోంది, ఎవరో దగ్గుతున్నారు.

"వెర్నన్‌ని. ఒకసారి హాలిస్‌కు ఇస్తారా?"

ఆమె ఫోన్ మీద చెయ్యి పెట్టింది. మాటలు వినపడలేదు. చాలాసేపు పట్టింది.

"ఫోన్ దగ్గరికి రాను అంటున్నాడు వెర్నన్" అంది. గొంతులో కోపం లేదు. "నిన్ను మళ్లీ ఫోన్ చెయ్యొద్దన్నాడు."

అతను ఫోన్ పెట్టి వంటింట్లోకి వెళ్లాడు. లొరేన్ పళ్లాలు తుడుస్తోంది.

"ఎలా ఉన్నాడు?"

"ఊపిరి తీసుకుంటున్నాడు" అన్నాడు వెర్నన్. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె తుడిచిన పళ్లెం అల్మరాలో పెట్టింది.